బెరడు కింద దారి

అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉసిరి చెట్టు ఉండదు. ఉండమని బతిమాలినా ఉండదు. నాలుగైదు నెలలపాటు ముక్కు చివర గడ్డకట్టే ఊళ్ళో ఉసిరి ఎలా బతుకుతుంది చెప్పండి? కానీ కార్తీకమాసం మాత్రం ఎక్కడికైనా వచ్చేస్తుంది. వచ్చాక వనభోజనాలు చెయ్యకపోతే మనవాళ్ళకి తిన్నది అరగదు. అందుకని ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ కొన్నేళ్ళ కిందట ఒక మాట అనుకుని, శశికళ వాళ్ళ పెరట్లో ఉన్న క్రాబాపిల్ అనే చిట్టి ఆపిల్ చెట్టుకి ఉసిరి హోదా ఇచ్చేశాయి. దాని కాయలు గోళీలంత ఉంటాయి. ఒకటి నోట్లో వేసుకుంటే పులుపుకి కళ్ళు మూతలు పడిపోతాయి. ఇంకేం కావాలి?

"సాక్షాత్తూ ఉసిరే ఇది!" అని తీర్పు చెప్పారు వీరభద్రరావు గారు.

ఆయన రిటైరయ్యి కూతురి దగ్గర ఉంటున్న పెద్దమనిషి. పూజారేం కాదు. కానీ మంచి గొంతుంది, పంచె కట్టడం వచ్చు, పది మందీ తన మాట వినాలన్న కోరిక పుష్కలంగా ఉంది. అందుచేత ఆ ఊరి తెలుగువాళ్ళకి ఆయనే పురోహితుడు. పంచె మీద ఉబ్బెత్తు పఫర్ జాకెట్, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో పసుపు గిన్నె. పూజ పెరట్లో గబగబా కానిచ్చేస్తారు, చలికి పళ్ళు టకటకలాడుతుంటే మంత్రాలు మాత్రం ఎంతసేపు వస్తాయి? వనభోజనం గరాజ్‌లో, హీటర్ పెట్టుకుని.

ఆ ఏడు ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది. గడపకి రాసినట్టు చెట్టుకి కూడా పసుపు రాసి కుంకుమ బొట్లు పెడితే ఎంత కళగా ఉంటుంది! రాశారు. పెచ్చులు పెచ్చులుగా ఉన్న బెరడు మీద పసుపు నిలవలేదు. అంతటితో ఊరుకుంటే ఆయన వీరభద్రరావు ఎందుకవుతారు? వంటింట్లోంచి చాకు తెప్పించి, జానెడు వెడల్పున బెరడంతా గీకి పారేశారు. లోపల చెక్క తెల్లగా, నున్నగా బయటపడింది. దాని మీద పసుపు బంగారంలా పట్టింది.

ముందు వైపు మాత్రమే గీకారాయన. ఫోటోలకి అది చాలు కదా అని చాకు తుడుచుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే శశికళ పులిహోర పళ్ళెంతో బయటికొచ్చింది. చెట్టుని చూసి నిలబడిపోయింది.

"బాబాయ్ గారూ, వెనకాల కూడా రాయండి. సగం సగం ఏం బాగుంటుంది? చుట్టూ రాయండి," అంది.

"అలాగే అమ్మాయ్, నువ్వు అడగాలా!" అని ఆయన చుట్టూ తిరిగి పూర్తి చేశారు.

శశికళ అలా ఎందుకు అడిగిందో అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు. ఆమెకీ, భర్త రాజ్‌కీ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. మీకు చెప్తాను వినండి. వాళ్ళమ్మాయి స్మృతికి ముందు ఇంకో ఆడపిల్ల. ఎనిమిదో నెలలో ఒకరోజు పొద్దున్నే కడుపులో కదలిక ఆగిపోయింది. హాస్పిటల్ నుంచి ఉత్త చేతులతో వస్తుంటే, అక్కడి వాలంటీరు ఒకావిడ చిన్న కుండీలో ఒక మొక్క ఇచ్చింది. మీకు ఇష్టమైన చోట నాటుకోండి అంది. అప్పటికి వాళ్ళు ఈ ఇంటికి కొత్త. రాజ్ పెరట్లో గొయ్యి తవ్వి దాన్ని నాటాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లోపలికి వచ్చేశారు. తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఇండియాలో వాళ్ళకి "నిలవలేదు" అని ఒక్క ముక్క చెప్పారు. రెండేళ్ళకి స్మృతి పుట్టింది, ఇల్లు సందడైపోయింది. చెట్టు మాత్రం స్మృతి కంటే ఒక అడుగు ముందే ఉంటూ పెరుగుతూ వచ్చింది.

అలాంటి చెట్టు ఆ రోజు ఒళ్ళంతా పసుపుతో, కుంకుమ బొట్లతో, పండగపూట తలంటుకుని తయారైన ఆడపిల్లలా నిలబడింది. శశికళకి కడుపు నిండిపోయింది. పులిహోర పళ్ళెం పక్కన పెట్టి, చలిగాలికి నీళ్ళు కారుతున్నాయని సాకు చెప్పి, కళ్ళు తుడుచుకుంది. అందరూ సెల్ఫీలు దిగారు. ఆకులు రాలాయి, మంచు పడింది, పసుపు కడుక్కుపోయింది.

మార్చిలో మంచు కరిగాక స్మృతి పెరట్లోకి వెళ్ళింది. పదకొండో క్లాసు పిల్ల, ఏపీ బయాలజీ అని అక్కడి కాలేజీ స్థాయి కోర్సు చదువుతోంది. ఏదో ప్రాజెక్టుకి కొమ్మ కావాలని వెళ్ళింది. కొమ్మ సంగతి మరిచిపోయి వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఆ ట్రీకి రింగ్ ఎవరు చేశారు? మొత్తం రౌండ్‌గా ఉంది."

"వీరభద్రరావు గారు పసుపు రాశారు కదే. నువ్వు కూడా ఫోటో దిగావు."

"పసుపు కోసం బార్క్ తీసేశారా? ఓ మై గాడ్. అమ్మా, అది చచ్చిపోతుంది."

శశికళ పైకి నవ్వేసింది. "చచ్చేదైతే ఈ చలికే చచ్చేది. మొగ్గలు చూశావా, ఎంత బలంగా ఉన్నాయో?"

"ఆకులు వస్తాయి. ఫ్లవర్స్ కూడా వస్తాయి. దట్స్ ద సాడ్ పార్ట్. పైన అంతా బాగానే ఉంటుంది, రూట్స్‌కి మాత్రం ఫుడ్ వెళ్ళదు. ఆకలితో చచ్చిపోతాయి. ఈ ఇయర్ కాకపోతే నెక్స్ట్ ఇయర్."

"గొట్టం తెగితే పైకి నీళ్ళు ఆగిపోవాలి. నీళ్ళు అందుతున్నాయంటే గొట్టం బాగున్నట్టే. నాకు చెప్తున్నావా?"

ఆ మాటలో కాస్త పొగరుంది. తప్పులేదు. శశికళ ఇరవై ఏళ్ళుగా కార్లకి కూలెంట్ పంపులు డిజైన్ చేస్తోంది. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీలు చల్లారాలంటే ఏ గొట్టంలో ఎంత వేగంతో నీళ్ళు తిరగాలో, ఎక్కడ ఎంత ప్రెషర్ ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

"అమ్మా, గొట్టాలు రెండు రకాలు," అంది స్మృతి. "రా, చూపిస్తాను."

వాళ్ళింట్లో కరివేపాకు మొక్క చలికాలమంతా వంటింటి గాజు తలుపు దగ్గర తొట్టిలో కాపురం ఉంటుంది. దాన్నుంచి ఒక రెమ్మ కోసి, కేకుల్లో వేసే ఎర్ర రంగు కలిపిన నీళ్ళ గ్లాసులో పెట్టింది పిల్ల. మధ్యాహ్నానికి ఆకుల ఈనెలు ఎర్రబడ్డాయి. అప్పుడు బ్లేడుతో కాడని పల్చగా, చూస్తే కనబడనంత పల్చగా కోసి, తన చిన్న మైక్రోస్కోపు కింద పెట్టింది. శశికళ ఒక కన్ను మూసుకుని వంగింది.

అబ్బ! ఎర్రటి సున్నాలు. గుండ్రటి వరసలో, ఒకదాని పక్కన ఒకటి. వాటి బయట, ఎరుపు ఏమాత్రం అంటని సన్నటి పొర ఒకటి.

"రెడ్‌గా ఉన్నవి జైలం. నీళ్ళు వెళ్ళేవి. బయట ఉన్నది ఫ్లోయం, షుగర్ వెళ్ళేది."

శశికళకి ఎక్కడో లోపల తలుపు తెరుచుకున్నట్టయింది. దారువు, పోషక కణజాలం! తెలుగు మీడియంలో చదువుకున్న రోజుల్లో తేడాలు రాయండి అంటే కాగితం మధ్యలో నిలువు గీత గీసి, అటొకటి ఇటొకటి రాసి, ఫుల్ మార్కులు కొట్టేసింది. ఆ రెంటిలో దేన్నీ అప్పుడు చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

"సరే. దీన్ని తోసే పంపు ఎక్కడుంది? వేళ్ళలోనా?"

"పంప్ లేదు."

"పంపు లేకుండా నీళ్ళు పైకి ఎలా వస్తాయే?"

"ఆకుల్లోంచి వాటర్ ఆవిరి అయిపోతుంది కదా, అది వెళ్ళేటప్పుడు వెనకాల వాటర్‌ని లాగుతుంది. అది దాని వెనకాలది. వాటర్ అంతా ఒక దాన్ని ఒకటి పట్టుకుని ఉంటుంది, రోప్ లాగా. కింద రూట్స్ దాకా."

"పైనుంచి ఎంత పీల్చినా నీళ్ళు పది మీటర్లు దాటి ఎక్కవు. అది ఫిజిక్స్."

"కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ ట్రీస్ హండ్రెడ్ మీటర్స్ ఉంటాయి."

శశికళ కుర్చీ లాక్కుని కూర్చుంది. పట్టుదల మనిషి కదా, లెక్క వేసుకుంది. అంత పైకి నీళ్ళని లాగాలంటే ఆ తాడు ఎంత బిగుసుకుని ఉండాలి? అంత బిగుతులో చిన్న బుడగ పుట్టిందా, తాడు పుటుక్కున తెగిపోతుంది. ఆ బుడగలతోనే కదా ఆమె ఇన్నేళ్ళుగా యుద్ధం చేస్తున్నది! ఒక్క పంపులో బుడగలు పుడితే వారం రోజుల మీటింగులు. మరి ఈ చెట్టు ఎండాకాలమంతా ఆ అంచు మీదే నిలబడి ఉంటుంది, వేల గొట్టాలతో, చప్పుడు లేకుండా, కరెంటు లేకుండా.

"బుడగ వస్తే?" అంది నెమ్మదిగా.

"వస్తాయి. ఆ పైప్ పనికిరాదు. గోడల్లో చిన్న చిన్న హోల్స్ ఉంటాయి, వాటర్ పక్క పైప్‌లోకి వెళ్ళిపోతుంది. బుడగ మాత్రం దాటలేదు."

శశికళ మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగింది. స్మృతి ఈసారి కాడని నిలువుగా చీల్చి పెట్టింది. ఎర్రటి గొట్టాల లోపల గోడలకి చుట్టలు చుట్టలుగా స్ప్రింగులు కనబడ్డాయి.

"ఇవి మేం పెడతాం! పీల్చే గొట్టం నలిగిపోకుండా లోపల స్ప్రింగు పెడతాం. దీనికెవరు చెప్పారే?" అంది శశికళ, చిన్నపిల్లలా.

"ఇంకోటి చెప్పనా? ఈ జైలం సెల్స్ చచ్చిపోయినవి అమ్మా. బతికి ఉంటే లోపల అడ్డం ఉంటుంది కదా. అందుకని గోడలు గట్టిగా కట్టుకుని, లోపల ఉన్నదంతా ఖాళీ చేసేసుకుని, చచ్చిపోతాయి. తర్వాతే వాటర్ మోస్తాయి."

శశికళ కన్ను మైక్రోస్కోపు మీదే ఉండిపోయింది.

"మరి ఆ రెండోది?" అంది.

"అది బతికి ఉంటుంది. మధ్యలో గోడలు ఉంటాయి, హోల్స్‌తో, మన పిండి జల్లించే దానిలాగా. షుగర్‌కి దారి ఇవ్వాలని అది న్యూక్లియస్ కూడా వదిలేసుకుంటుంది. సో సొంతంగా బతకలేదు. పక్కన ఇంకో సెల్ ఉంటుంది, కంపానియన్ సెల్, అది ఇద్దరి కోసం బతుకుతుంది. జైలం వన్ వే, పైకే. ఇది అలా కాదు. ఎటు ఆకలి ఉంటే అటు వెళ్తుంది. ఫ్రూట్‌కి, కొత్త ఆకుకి, రూట్స్‌కి."

ఈ వైభవమంతా బెరడు వెనకాల, గోరుతో గిల్లితే ఊడొచ్చే పొరలో జరుగుతోందా? వంటింటి బల్ల మీద, ఆ చిన్న అద్దం ముందు, శశికళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. మరుక్షణంలోనే అసలు సంగతి తలకెక్కింది. వీరభద్రరావు గారి చాకు గీకేసింది ఆ బతికున్న పొరనే. నీళ్ళు మోసే చెక్క లోపల భద్రంగా ఉంది, అందుకే మొగ్గలు నిగనిగలాడుతున్నాయి. వేళ్ళకి తిండి దారి జానెడు మేర తెగిపోయింది.

"ఒక పక్కన కొంచెం వదిలి ఉంటే?" అని అడిగింది.

"బతికేది. టూ ఇంచెస్ ఉన్నా ఎలాగో మేనేజ్ చేసేది. చుట్టూ తీసేస్తేనే ప్రాబ్లం."

చుట్టూ రాయండి బాబాయ్ గారూ! ఆ మాట ఆమె చెవుల్లో గింగురుమంది. ఆయన సగంలో ఆపేస్తే పిలిచి మరీ పూర్తి చేయించింది తనే.

"ఇట్స్ ఓకే అమ్మా, కొత్తది కొనుక్కుందాం. క్రాబాపిల్స్ చీప్," అని తలెత్తిన స్మృతి, తల్లి మొహం చూసి హడలిపోయింది. శశికళ రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. అలా ఏడవడం ఆ పిల్ల పుట్టాక ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా! వాట్ హాపెన్డ్? అది ట్రీ కదా, జస్ట్ ఎ ట్రీ!"

"కాదే. నీకంటే ముందు నాకో పాప పుట్టింది. పుట్టేసరికే పోయింది. ఆ మొక్క దాని కోసం నాటాం," అంది శశికళ. పద్దెనిమిదేళ్ళు దాచుకున్న మాట మూడు ముక్కల్లో అయిపోయింది. ఇంత చిన్నదా అది అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

స్మృతి దగ్గరికి రాలేదు, ప్రశ్నలు వెయ్యలేదు. మైక్రోస్కోపు లైటు ఆర్పి, డ్రాయర్లోంచి కత్తెర తీసుకుని పెరట్లోకి నడిచింది. శశికళ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. చెప్పకుండా ఉండాల్సిందా? పిల్ల మనసు విరిగిందా? చదువుకునే పిల్ల మీద ఈ బరువు ఎందుకు పెట్టాను?

స్మృతి చెట్టు కొమ్మల చివర్ల నుంచి పెన్సిలంత లావు పుల్లలు ఏరి ఏరి కత్తిరించి, తడి పేపర్ టవల్‌లో చుట్టి, జిప్‌లాక్ బ్యాగులో వేసి తెచ్చింది. ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన పెట్టింది.

"మొగ్గలు విచ్చుకోక ముందే కట్ చెయ్యాలి. బ్రిడ్జ్ గ్రాఫ్ట్ అని ఉంటుంది. కింద బార్క్ నుంచి పై బార్క్‌కి పుల్లలు అతికిస్తారు. షుగర్ పుల్లలోంచి కిందికి దిగుతుంది. మే దాకా ఆగాలి. వర్క్ అవుతుందో లేదో నాకు తెలీదు. నెక్స్ట్ స్ప్రింగ్‌లో ఆకులు వస్తేనే వర్క్ అయినట్టు." అంతే చెప్పి, హోంవర్కు ఉందని పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం రాజ్ పాల కోసం ఫ్రిజ్ తెరిచి, "ఈ పుల్లలేంటి?" అన్నాడు. శశికళ చెప్పింది. చెట్టు సంగతీ, పిల్లకి చెప్పేసిన సంగతీ. అతను పాల క్యాన్ బల్ల మీద పెట్టి, "మంచి పని చేశావు. నావల్ల అయ్యేది కాదు," అన్నాడు.

మే నెల వచ్చింది. అప్పుడు చూడాలి ఆ చెట్టుని! ఆకు కనబడకుండా పూసింది. ఎప్పుడూ పుయ్యనంతగా, గులాబీ తెలుపు కలిసిన రంగులో విరగబూసింది. తేనెటీగల మోత వంటింట్లోకి వినబడుతోంది. పక్కింటి తెల్లావిడ కంచె దగ్గర నిలబడి, "ఏం ఎరువు వేశారు?" అని అడిగింది. శశికళ ఏం చెప్తుంది? ఆ పూలకి కింది నుంచి నీళ్ళు అందిస్తున్న వేళ్ళకి ఒక్క మెతుకు కూడా దిగడం లేదని ఆమెకి తెలుసు. అంత అందాన్ని చూస్తూ అంత భయపడటం జీవితంలో అదే మొదలు.

గాయం పై అంచు దగ్గర బెరడు పెదవిలా ఉబ్బింది. "షుగర్ ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతోంది," అంది స్మృతి. శశికళ ఆ ఉబ్బు మీద వేలు పెట్టి చూసింది. ఎన్ని ఆకులు ఎండలో నిలబడి చేసిన వంటో అది. పిల్లలకి పెట్టడానికి గుమ్మం దాకా తెచ్చిన అన్నం గిన్నె చేతిలోనే ఉండిపోయినట్టుంది.

అతికే రోజున వీరభద్రరావు గారు వచ్చారు. శశికళ ఫోన్లో చెట్టుకి దెబ్బ తగిలిందని మాత్రమే చెప్పింది. ఆయన కూతురి చేత డ్రైవ్ చేయించుకుని వచ్చి, గాయం చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"నా చేతులు విరగ్గొట్టాలి అమ్మాయ్. శుభమనుకుని చేశాను."

"చుట్టూ రాయమన్నది నేను బాబాయ్ గారూ. మీరు ఆపేశారు."

"నువ్వు చెప్తే మాత్రం, నాకు బుద్ధి ఉండొద్దూ? ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి."

"పుల్లలు పట్టుకోండి అంకుల్, ఒక్కొక్కటి ఇవ్వండి," అంది స్మృతి. ఆ దేశంలో పుట్టిన పిల్లలకి ఎంత పెద్దవాళ్ళయినా అంకులే.

స్మృతి గాయం కింది అంచున బెరడుకి చిన్న గాటు పెట్టి మెల్లగా లేపింది. లోపల లేత ఆకుపచ్చగా, తడితడిగా, కాగితమంత పొర మెరిసింది. శశికళ వంగి చూసింది. ఇంత మానూ బతికేది ఈ కాగితంలోనా? లోపలి చెక్కంతా నీళ్ళు మోసే మౌనమైన గొట్టాలు, పైన పెచ్చులు, మధ్యలో ఈ ఒక్క తడి. రోజూ దాని పక్కనుంచే నడిచింది తను, దాని కింద కుర్చీ వేసుకుని ఆఫీసు కాల్స్ మాట్లాడింది. చెయ్యి వెయ్యాలంటే భయం వేసింది ఆమెకి, గుళ్ళో గర్భగుడి గడప దగ్గర నిలబడినట్టు.

వీరభద్రరావు గారు మొదటి పుల్ల అందించారు.

"అంకుల్, అప్‌సైడ్ డౌన్!"

"పుల్లకి తలా కాళ్ళూ ఏంటమ్మా?"

"నిజమే," అంది ఇంజనీరమ్మ శశికళ కూడా. "గొట్టాన్ని ఎటు తిప్పి పెడితే ఏమైంది?"

"అది బతికి ఉంది అమ్మా. దానికి తెలుసు ఏది పైన, ఏది కింద."

ఆయన నాలిక కరుచుకుని పుల్ల తిప్పి ఇచ్చారు. శశికళ పుల్ల రెండు కొసలనీ చాకుతో చెక్కింది. ఇరవై ఏళ్ళ పనితనం ఆ వేళ్ళలో ఉంది, చెక్కిన చోట వెంట్రుకంత ఎగుడు దిగుడు లేదు. ఒక కొసని కింది బెరడు లోపలికి, ఇంకో కొసని పై బెరడు లోపలికి దూర్చి, చిన్న మేకులు కొట్టి, మైనం పూశారు. గాలికి చెట్టు ఊగినా ఊడిపోకుండా పుల్లని కొంచెం విల్లులా వంచి పెట్టారు. మాను చుట్టూ ఏడు పుల్లలు అతికేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది, అందరి జుట్టులోనూ పూరేకులు. వీరభద్రరావు గారు మంత్రమేమీ చదవలేదు. పంచె చెంగుతో మొహం తుడుచుకుని, "ఇంక దాని దయ," అన్నారు.

జూన్‌లో మూడు పుల్లలు ఎండిపోయాయి. శశికళ మూడు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. మిగిలిన నాలుగూ లావెక్కాయి. వాటికి ఆకులు మొలిస్తే స్మృతి గిల్లేసింది, కొమ్మలుగా మారిపోతే దారి పని చెయ్యవని. ఆఫీసు నుంచి రాగానే బ్యాగు కూడా దింపకుండా శశికళ పెరట్లోకి వెళ్ళి ఆ నాలుగింటినీ వేళ్ళతో నొక్కి చూసుకునేది. లోపల తీపి దిగుతోందా? ఏ మీటరూ లేదు చూడటానికి. ఏ పంపు చప్పుడూ లేదు వినడానికి. జరుగుతున్నదంతా చీకట్లో, బెరడు కింద, ఎవరికీ చెప్పకుండా జరగాలి.

స్మృతి రోజూ చెట్టుకి నీళ్ళు పెట్టేది. కానీ ఆ రోజు వంటింట్లో విన్న సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. శశికళ రెండు మూడు సార్లు మాట కదపబోయింది. పిల్ల "లేట్ అవుతోంది అమ్మా," అని తప్పుకుంది. తల్లి మనసులో అదొక ముల్లు అయింది. చెట్టు పోతే ఆ పాప రెండోసారి పోతుంది. ఈసారి ఆ సంగతి తెలిసిన వాళ్ళు ఇంట్లో ముగ్గురు, ముగ్గురూ నోరు విప్పరు.

కార్తీకం వచ్చింది. వనభోజనాలకి జనం వచ్చారు. వీరభద్రరావు గారు చెట్టు మొదట్లో ఒక రాయి పెట్టించి, పసుపు కుంకుమ దానికే పూసి, పూజ అయ్యేదాకా మానుకి అడ్డంగా నిలబడ్డారు. "బెరడు జోలికి వెళ్ళారో, మర్యాద దక్కదు!" అని పిల్లల్నీ పెద్దల్నీ కసిరారు. ఆయనకేమైందో ఎవరికీ అర్థం కాలేదు. ఆకులు రాలాయి. మంచు మోకాలి లోతు పడింది.

మళ్ళీ ఏప్రిల్. ఇదే పరీక్ష. పోయిన ఏడాది వేళ్ళు ఆ నాలుగు పుల్లల మీదుగా ఎంత తిన్నాయో, ఆ బలంతోనే ఇప్పుడు మేలుకోవాలి. పక్కింటి మేపుల్ ఎర్రగా చిగిర్చింది. వీధిలో చెట్లన్నీ పచ్చబడ్డాయి. వీళ్ళ పెరట్లో మాత్రం నల్లటి కొమ్మలు ఆకాశాన్ని గీకుతూ నిలబడ్డాయి. రాజ్ ఒకరోజు కొమ్మని వంచబోయి, విరుగుతుందేమోనని భయపడి వదిలేశాడు. శశికళ పొద్దున్న లేవగానే కిటికీ పరదా తియ్యడం మానేసింది. ఏప్రిల్ అయిపోయింది. వీరభద్రరావు గారు రెండు సార్లు ఫోన్ చేసి, రెండు సార్లూ వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశారు.

మే మొదట్లో ఒక శనివారం పొద్దున శశికళ దోసెలు పోస్తోంది. పరదా వేసే ఉంది. పెరటి తలుపు దడాలున తెరుచుకుంది. స్మృతి, పైజామాలో, చలిలో చెప్పులు కూడా లేకుండా. మోకాళ్ళకి మట్టి. ఊపిరి అందడం లేదు ఆ పిల్లకి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"అమ్మా! అక్క లేచింది!"

శశికళ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పిల్ల ఎవర్ని అందో, ఏమందో, మెల్లగా లోపలికి దిగింది. ఆ ఇంట్లో ఆ మాటతో ఎవరూ ఎవర్నీ ఎప్పుడూ పిలవలేదు.

"ఏదీ?" అంది.

"పైన కాదు, కింద కొమ్మకి. చిన్న ఆకు. గ్రీన్. రా, చూపిస్తాను," అని స్మృతి పొయ్యి కట్టేసి, తల్లి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.